పడుకోబెట్టిన వైద్యం, లేపిన వైద్యం

తలకి దెబ్బ తగిలితే "కదలకుండా పడుకో" అనేది మన అమ్మమ్మలొక్కళ్ళే అన్నమాట కాదు. 2008లో జ్యూరిక్‌లో సమావేశమైన క్రీడావైద్య నిపుణులు కూడా కంకషన్‌కి అసలు మందు విశ్రాంతేనని తేల్చారు, ఒంటికీ బుర్రకీ రెండింటికీ. అమెరికాలో బఫెలో యూనివర్సిటీలో జాన్ లెడ్డీ బృందం దీనికి ఎదురెళ్ళింది. రోగిని ట్రెడ్‌మిల్ ఎక్కించి, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే తలనొప్పి పెరుగుతోందో చూసి, ఆ గీతకి కాస్త ఇవతలే కసరత్తు చేయించేవాళ్ళు. 2019లో వాళ్ళు అచ్చేసిన అధ్యయనంలో అలా చేసిన టీనేజర్లు ఇంచుమించు 13 రోజుల్లో కోలుకుంటే, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టినవాళ్ళకి 17 రోజులు పట్టింది. చివరికి 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నిపుణులు కూడా, లక్షణాలన్నీ తగ్గేదాకా మంచం దిగకపోవడం వల్ల లాభం లేదని ఒప్పుకున్నారు. పద్నాలుగేళ్ళు!

ఇది చిన్న దెబ్బల సంగతి. పెద్ద దెబ్బ తగిలినవాళ్ళ కథ వేరు. 2009 డిసెంబరు 31న యూటాలో, వాంకూవర్ ఒలింపిక్స్‌కి సాధన చేస్తూ కెవిన్ పియర్స్ అనే స్నోబోర్డర్ పడిపోయాడు. హెల్మెట్ ఉంది, అయినా మెదడు దెబ్బతింది. నడకా, చూపూ, జ్ఞాపకం అన్నీ మళ్ళీ కూడగట్టుకోవాల్సొచ్చింది. తనకి యోగా, ధ్యానం పనికొచ్చాయని 2014లో అన్న ఆడమ్‌తో కలిసి లవ్‌యువర్‌బ్రెయిన్ అనే సంస్థ పెట్టాడు. ఆరు వారాల క్లాసులు, డబ్బు కట్టక్కర్లేదు. శ్వాస, నెమ్మదైన ఆసనాలు, ధ్యానం, తర్వాత తోటివాళ్ళతో కబుర్లు. (మన యోగా అంత దూరం తిరిగి ఇలా పనికొచ్చిందన్నమాట!) 2020లో కోవిడ్ వల్ల అవి ఆన్‌లైన్‌కి మారాయి.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. మెదడు దెబ్బతిన్న చాలామందికి జిమ్‌లో లైట్లూ, పాటలూ భరించడం కష్టం. అక్కడికి వెళ్ళేసరికే సగం ఓపిక అయిపోతుంది. ఇంట్లో అయితే కర్టెన్ వేసుకోవచ్చు, సౌండ్ తగ్గించుకోవచ్చు, మధ్యలో పడుకోవచ్చు, మర్చిపోయిన ఆసనాన్ని మళ్ళీ చూసుకోవచ్చు.

మరి మనం కట్టే ఫిట్‌నెస్ యాప్‌లో? కౌంట్‌డౌన్, మెరుపులు, "నిన్న రాలేదేం" అని నోటిఫికేషన్. వెబ్ యాక్సెసబిలిటీ నియమాల 2.0 వెర్షన్ 2008లోనే వచ్చింది. టైమర్ ఆపుకునే, పెంచుకునే వీలుండాలన్నది అందులో ఏ స్థాయి నియమం, అంటే కనీసం. నొక్కగానే ఎగిరే యానిమేషన్‌ని ఆపుకునే వీలు 2018లో 2.1తో వచ్చింది గానీ, దాన్ని ట్రిపుల్-ఏలో పడేశారు. ట్రిపుల్-ఏ అంటే మన టీముల్లో "తర్వాత చూద్దాం" అని అర్థం, మీకు తెలీనిదేముంది.