గుంట ఓనమాలు: మన సీమ విద్యాచరిత్రలో నొక ప్రకరణము



శ్రీసిటీ యని నేడు పిలువబడు పారిశ్రామిక నగరము సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతముల పల్లెల నడుమ 2008 సంవత్సరమున వెలసినది. మోటారు బండ్లు, శీతలయంత్రములు, చాకొలెట్లు తయారు చేయు కర్మాగారము లచ్చట గలవు. 2013లో ఐఐఐటీయు, 2018లో క్రియా విశ్వవిద్యాలయమును స్థాపింపబడినవి. మన సంఘము బిడ్డ లనేకులు ఆ ద్వారములకడ ఉద్యోగార్థులై నిలుచుచున్నారు. వారి చేతిలో మార్కుల కాగితము గలదు. కొలతబద్ద చేతికిచ్చి పని చూపుమన్నచో మాత్రము కొందఱు తెల్లబోవుచున్నారు. మన విద్యానిధిని ఏ రీతిగా వెచ్చింపవలెనను ప్రశ్న ఈ మహాసభయెదుట నున్నది గనుక, చేతితో చేసి నేర్చుకొను చదువు మన సీమలో నెట్లుండెనో, అది యెచ్చటికి పోయెనో, మరల నెట్లు వచ్చెనో విన్నవించుట అప్రస్తుతము గాదని తలంచెదను.

పూర్వము మన పల్లెలలో వీథిబడులుండెడివి. ఊరివారిలో నొకరి యింటి అరుగే పాఠశాల. అరుగుపై ఇసుక పఱచి, పిల్లవాని వ్రేలు పట్టి దానిలో అక్షరము దిద్దించెడివారు. ‘గుంట ఓనమాలు’ అనుమాట యిందుండియే మన నోళ్లలో నిలిచినది. వ్రేలు దిద్దుచుండగా నోరు పలుకును, కన్ను చూచును, చెవి వినును. తప్పినచో అరచేత నొక్కసారి చదును చేసిన చాలును, తప్పు మాయమగును. కాగితమునకు వ్యయము లేదు, చెఱపుటకు సిగ్గు లేదు. ముందు నేర్చినవాడు వెనుకవానికి దిద్దించెడివాడు. అట్టి పెద్దపిల్లవానిని అరవవారు చట్టాంపిళ్లై యందురు. పంతులొక్కడే యైనను బడి నడచుటకు రహస్య మిదియే.

ఈ పద్ధతి సముద్రము దాటిన కథ మనకు మిక్కిలి సమీపమున జరిగినది. సత్యవేడు ప్రాంతము 1960లో సరిహద్దుల సవరణ జరుగువఱకు మదరాసు రాష్ట్రమున నుండెను. నేటికిని మనవారికి చెన్నపట్నము పొరుగూరివంటిదే. ఆ పట్నపు ఎగుమూరునందు సైనికుల అనాథబాలుర కొఱకు ఏర్పడిన ఆశ్రమమునకు 1789లో ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశస్థుడు అధికారి యయ్యెను. అక్కడి ఉపాధ్యాయులు అక్షరములు నేర్పుటకే నెలలకొలది శ్రమపడుచుండిరి. బెల్ దొర యొకనాటి యుదయమున గుఱ్ఱముపై పోవుచు, దేశీయుల బడిలో పిల్లలు నేలపై గూర్చుండి ఇసుకలో వ్రాయుట చూచెనట. వెంటనే మరలివచ్చి తన బడిలో నట్లే చేయుమనగా, ఉపాధ్యాయు లిది కానిపని యనిరి. అంతట నాయన జాన్ ఫ్రిస్కిన్ అను ఎనిమిదేండ్ల ప్రాయపు బాలునికి ఆ తరగతి నప్పగించెను. పెద్దలు కాదన్నపని ఆ సామాన్య సైనికుని కుమారుడు చేసి చూపెను!

బెల్ 1796లో స్వదేశమునకు మరలి, మఱుసటి యేట తన ప్రయోగమును లండనులో నచ్చువేయించెను. 1811లో ఇంగ్లండునందు ఏర్పడిన నేషనల్ సొసైటీ దీనిని పేదల బడులయందు వ్యాపింపజేసెను. అక్కడివారు దీనిని ‘మదరాసు పద్ధతి’ యనిరి. సెయింట్ ఆండ్రూస్ పట్టణమున ఆయన యిచ్చిన ధనముతో నేర్పడిన పాఠశాలకు నేటికిని ‘మదరాసు కాలేజి’ యనియే పేరు. మన అరుగు బడికి మన యూళ్లలో శిలాఫలకమైన లేదు. స్కాట్లండున నొక పాఠశాల పేరు మాత్రము మిగిలినది.

బెల్ చూచినది వెలుపలినుండి మాత్రమే. లోపలి సంగతి తెలియవలెనన్న బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో వ్రాసిన నివేదికను చూడవలెను. 1816లో ఆంగ్లమున తెలుగు వ్యాకరణము ప్రకటించిన క్యాంబెల్ ఈయనయే. గవర్నరు మన్రో 1822లో బడుల లెక్కలు పంపుడని కలెక్టరుల నడిగెను. బళ్లారి జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును గలరని క్యాంబెల్ తెలిపెను. జిల్లా జనసంఖ్య తొమ్మిది లక్షలకు మించియుండెను. ఉదయమున బడికి మొదట వచ్చిన పిల్లవాని యరచేత సరస్వతి పేరు వ్రాయుట, రెండవవానికి సున్న చుట్టుట, మూడవవానినుండి దెబ్బల లెక్క పెరుగుట మొదలగు వింత లందు వర్ణింపబడినవి. నాకు మిక్కిలి ముఖ్యముగా దోచినది వేఱొకటి. పంతులు ఊరివారినుండి నానావిధములైన చేవ్రాతల జాబులు, పత్రములు తెచ్చి పిల్లలచే చదివించెడివాడు. అనగా రేపు కరణముకడనో, సాహుకారుకడనో ఏ కాగితము చేతికి వచ్చునో, ఆ కాగితమే నేటి పాఠము.

ఐనను క్యాంబెల్ దోషములను దాచలేదు. పిల్లలు పద్యములెన్నో అప్పగింతురు గాని వాని యర్థమెఱుగరనెను. పల్లెలలో చేతిపనులవారి బ్రతుకు, సీమ వస్త్రముల రాకచే చెడినందున, బిడ్డ లించుక పనికి వచ్చినంతనే బడి మానుచున్నారనియు వ్రాసెను. నేనింకొకటి చేర్చెదను. పంచముల బిడ్డలకు ఆ అరుగెక్కు భాగ్యము లేదు. పాతదంతయు బంగారమని చెప్పువారు ఈ మాట మఱవరాదు.

తరువాతి కాలమున వ్రేలు పోయినది, అప్పగింత మాత్రము నిలిచినది. నా సంగతియే చెప్పెదను. గ్రాములు, కిలోగ్రాముల ఎక్కములు నేను బడిలో తప్పులేక అప్పగించితిని. కాని తక్కెడ పట్టినది మా వీథి చిల్లర దుకాణమున. అచ్చట మొదటిదినమున బెల్లము తక్కువ తూచి, కొన్నవారిచేత చివాట్లు తింటిని.

మరల మార్పు మన సీమలోనే, పూర్వపు చిత్తూరు జిల్లాకు చెందిన మదనపల్లె ప్రాంతమున పుట్టినది. 1895లో జిడ్డు కృష్ణమూర్తిగారు జన్మించిన యూరది. వారి యాశయముల ననుసరించిన ఋషివ్యాలీ పాఠశాల యచ్చటి లోయలో గలదు. దాని పొరుగు పల్లెలలో 1980 దశకమున చిన్న బడులు వెలసినవి. ఒక్కొక్క బడికి ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, వేర్వేరు వయసుల పిల్లలు. ఈ చిక్కునకు వై. ఏ. పద్మనాభరావు, రమ దంపతులు కనుగొన్న యుపాయము చిత్రమైనది. పాఠ్యపుస్తకమును విడదీసి వందలకొలది కార్డులుగా జేసిరి. ఒక్కొక్క కార్డునకు కుందేలో, ఏనుగో, మఱియొక బొమ్మయో గుర్తు. గోడపై నిచ్చెనవలె నొక పటముండును. పిల్లవాడు దానిలో తా నెక్కడనున్నాడో చూచుకొని, తన కార్డు తానే తెచ్చుకొని, పని చేసి, మఱుసటి మెట్టునకు పోవును. కొన్ని మెట్లు పంతులుకడ, కొన్ని తోడిపిల్లలతో, కొన్ని యొంటరిగా. జ్వరమువలననో, వేరుశనగ కాయలు ఒలుచు దినములలోనో వారము రోజులు బడి మానిన బిడ్డ, మరల వచ్చినపుడు తా నాగిన మెట్టుననే మొదలిడును. తరగతి వానిని విడిచి ముందునకు పోదు. కూలివారి బిడ్డలకు ఇంతకంటె మేలైన యేర్పాటు నేనెఱుగను. కొలతల పాఠమునకు పిల్లలే అంగడులు పెట్టి, తూచి, కొలిచి అమ్ముదురు. ఊరివారు వచ్చి కొందురు. నా బెల్లము కథ విన్నవారికి దీని విలువ తెలియును.

చెన్నపట్నపు కార్పొరేషను బడుల ఉపాధ్యాయులు ఈ పద్ధతి నేర్చుకొనుటకు ఋషివ్యాలీకి వచ్చిరి. 2003లో ఆ నగరపు 13 బడులలో ఎం. పి. విజయకుమార్ అను అధికారి ప్రోద్బలమున నిది మొదలై, కొలది యేండ్లలో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల లన్నిటికిని వ్యాపించెను. జర్మనీ దేశపు విశ్వవిద్యాలయములవారును వచ్చి నేర్చుకొనిరి. బెల్ దొర చెన్నపట్నపు ఇసుకనుండి గైకొన్నది రెండు వందల యేండ్లకు పైబడి మన మదనపల్లె మార్గమున చెన్నపట్నమునకే మరలి వచ్చినట్లు నాకు దోచినది. ఈ రెంటికి వంశసంబంధము గలదని నా వాదము గాదు. పోలిక మాత్రమే చెప్పుచున్నాను.

ఒక హెచ్చరిక. ఇంగ్లండునందు బెల్ పద్ధతి చెడుటకు కారణము అది చవుకయగుటయే. ఒక్క పంతులుతో వందలమందిని నడుపవచ్చునని తెలిసినంతనే, ధనము మిగుల్చుకొను పెద్దలు పిల్లలను వరుసలలో నిలిపి ఎక్కములు కేకలు వేయించిరి. 1846 నాటికి ప్రభుత్వము వేఱొక యేర్పాటు చేయవలసివచ్చెను. కార్డులకును ఇదే గండము గలదు. పెట్టెలు కొని బీరువాలో పెట్టి తాళము వేసిన, ఋషివ్యాలీ పేరు చెప్పుకొనుట తప్ప ఫలము లేదు. పద్ధతి నెఱిగిన ఉపాధ్యాయుడు కావలెను, వానికి శిక్షణము కావలెను, శిక్షణమునకు ధనము కావలెను.

ఇంతకాలము మన విద్యానిధి పరీక్షలలో మొదటివారైన వారికి బహుమతులుగా పోవుచున్నది. అది కూడదని నే ననను. అయితే ఈ మాఱు అందులో నొక భాగము వేఱుచేసి, సత్యవేడు ప్రాంతపు పల్లెలలో చదువు చెప్పు మన యువతీయువకులను కొందఱిని ఇట్టి శిక్షణమునకు పంపుటకును, అంగడి పాఠమునకు తక్కెడలు, తూనికరాళ్లు, కొలపాత్రలు కొనుటకును నియోగింపవలెనని నా ప్రార్థన. ఆ బడులలో మన కులము బిడ్డలే యుండవలెనను నియమము పెట్టవలదనియు వేడుచున్నాను. ఈ విషయము మహాసభ రెండవనాటి విద్యావిషయక సమావేశమున చర్చకు రానున్నది.