చలనచిత్రమున అంబేద్కరు మహాశయుఁడు



నాయకుల చరిత్రము గ్రంథములయందును, వారి రూపము విగ్రహములయందును నిలుచును. కాని వారి సంశయమును, ఓర్చుకొనిన దుఃఖమును కన్నులయెదుట నిలుపఁగలది నటుని కళయే. 2000 సంవత్సరమున విడుదలయైన ‘డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్’ అను ఆంగ్లభాషా చిత్రము ఇందులకు నిదర్శనము. దర్శకులు జబ్బార్ పటేలుగారు.

అందు ప్రధానపాత్రమును ధరించినవారు మలయాళ నటులగు మమ్ముట్టిగారు. వారు మహారాష్ట్రులు కారు; అంబేద్కరుగారి కులమున జన్మించినవారును కారు. అయినను న్యాయశాస్త్రము చదివి న్యాయవాదులుగా పనిచేసినవారగుటచే వాదించువాని నిలుకడ వారికి క్రొత్తది కాదు. మీసము తీసి కండ్లజోడు ధరించినంతనే అంబేద్కరు కానేరరు గదా! 1913లో కొలంబియా విశ్వవిద్యాలయమున చేరిన యువకుఁడు మొదలు, 1956 అక్టోబరు 14వ తేదీని నాగపురమున బౌద్ధమును స్వీకరించిన వ్యాధిపీడితుఁడగు పెద్దవఱకు ఒక్క దేహముతోనే చూపవలసియుండెను. ఆ కృషికి జాతీయ ఉత్తమనట పురస్కారము లభించెను.

ఇట్టి అభినయముచే చరిత్రకు కలుగు మేలేమి? పూనా ఒడంబడికనే తలఁచుఁడు. 1932 ఆగష్టులో బ్రిటిషు ప్రధానమంత్రి యిచ్చిన తీర్పు, అణగఁద్రొక్కఁబడిన వర్గములకు ప్రత్యేక నియోజకవర్గములతో రాష్ట్ర శాసనసభలయందు 71 స్థానములను ఒసఁగెను. గాంధీమహాత్ముఁడు ఎఱవాడ కారాగృహమున నిరాహారదీక్ష పూనెను. సెప్టెంబరు 24న ఒడంబడిక కుదిరెను. స్థానములు 148 అయ్యెను; ప్రత్యేక నియోజకవర్గములు మాత్రము పోయెను. ఒకవైపు మహాత్ముని ప్రాణము, ఒకవైపు కోట్లజనుల హక్కు! ఆ త్రాసును పట్టుకొనిన చేయి వణఁకలేదని యెవరనఁగలరు? పిమ్మట అంబేద్కరుగారే ఆ ఒడంబడికను తీవ్రముగ విమర్శించిరి. వ్రేలు చాఁచి నిలిచిన శిలావిగ్రహము ఈ వేదనను చెప్పఁజాలదు. సజీవమగు ముఖము చెప్పఁగలదు.

అయినను ఒక హెచ్చరిక. అఱువదియైదేండ్ల జీవితము మూఁడుగంటల చిత్రమున ఇముడదు. నటుని ముఖమే నాయకుని ముఖమని, నటుని మాటయే నాయకుని వాక్యమని భ్రమించుట తగదు. చిత్రము ద్వారమువంటిది, ద్వారముకడనే నిలిచిపోయినవాఁడు ఇల్లు చూడలేఁడు. పటములకు పూలమాలలు వేయుటతో తృప్తినొందక, మన యువకులు ఆ మహాశయుని రచనలనే స్వయముగ చదువుదురుగాక! చదువే ఆయన ఆయుధమైయుండెను. దానిని మన యువకులు చేపట్టినయెడల అంతకుమించిన స్మారకచిహ్న మేమి యుండును?