పాత డీజిల్ ఎస్‌యూవీ: తయారీ సంవత్సరం చెప్పే చరిత్ర

చరిత్రకు శాసనాలు, తాళపత్రాలే కాదు, యంత్రాలూ ఆధారాలే. మీరు పాత డీజిల్ ఎస్‌యూవీ కొనదలిస్తే ముందుగా ఆర్‌సీలో తయారీ సంవత్సరం చూడండి. బండి ఏ దశకు చెందిందో చాలావరకు అదే చెబుతుంది.

మొదటి దశ: 1994లో వచ్చిన టాటా సుమో వంటి బండ్లలో ఇంధన పంపు పూర్తిగా యాంత్రికమైనది. పొగ, చలిలో స్టార్ట్ కాకపోవడం వీటి లోపాలు. అయితే ఊరి మెకానిక్ కూడా బాగుచేయగలడు.

రెండవ దశ: 1997లో ఐరోపా కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతి 2000 తరువాత మన ఎస్‌యూవీలకూ చేరింది. ఇందులో డీజిల్ వెయ్యి బార్లకు మించిన పీడనంతో చిమ్ముతుంది. బలం, మైలేజీ పెరిగాయి. కానీ డీజిల్‌లో నీరో మురికో చేరితే ఇంజెక్టర్లు, పంపు పాడవుతాయి. ఈజీఆర్ వాల్వులో మసి పేరుకుంటుంది.

మూడవ దశ: 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 అమలైంది. డీజిల్‌లో గంధకం పరిమితి 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ వచ్చింది. ఎప్పుడూ కొద్ది దూరాలే తిరిగిన బండిలో ఫిల్టర్ తగినంత వేడెక్కదు, మసి కాలదు, చివరకు మూసుకుపోతుంది.

పొగ తగ్గేకొద్దీ మరమ్మతు ఖర్చు పెరిగిందని గమనించండి. కనుక ధర ఒక్కటే చూడకండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మీ ఎదుట స్టార్ట్ చేయించండి. అమ్మేవారి మాట కథనం మాత్రమే, సర్వీసు రికార్డు ఆధారం.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 2012 నాటి కామన్ రైల్ బండిలో ముందుగా ఏ భాగాలను పరీక్షిస్తారు? ఎందుకు?