గ్రామచరిత్రము – బాలశిక్షణము

కర్నల్ మెకంజీ దక్షిణదేశ చరిత్రమును సేకరింపబూనినపుడు ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు కావలి సోదరులు. 1803లో వెంకట బొర్రయ్య మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని విడువక సాగించెను. వారి మనుష్యులు ఊరూర తిరిగి కరణములను, వృద్ధులను అడిగి ఆలయములు, చెరువులు, మాన్యములు మొదలగువాని వృత్తాంతములు వ్రాయించిరి. అవియే కైఫీయతులు. పిమ్మట బ్రౌను దొర వానికి ప్రతులెత్తించెను.

శ్రీకృష్ణదేవరాయలు 1513లో తిరుమలకు వచ్చిన సంగతిని శిలాశాసనములు కాపాడినవి. చిన్న పల్లెలకు అట్టి శిలలు లేవు. 1984లో కరణముల వ్యవస్థయు రద్దయ్యెను. పాత సంగతులెరిగిన పెద్దలు ఒక్కరొక్కరుగా కాలగతి నొందుచున్నారు. ఇక వ్రాసి నిలుపవలసినవారు బడిపిల్లలే.

దీనికి కైఫీయతుల పద్ధతియే చాలును: చూచుట, అడుగుట, వ్రాయుట. "మా చెరువు మిక్కిలి అందమైనది" అని వ్రాసిన బాలుడు చెరువును చూపలేదు. కట్ట పొడవెన్ని అడుగులో, తూము ఏ దిక్కుననున్నదో, నీరు ఏ పొలములకు పారునో వ్రాసినవాడు చూపినాడు. కన్నది వేరుగా, విన్నది వేరుగా, చెప్పినవారి పేరుతో వ్రాయుట ఉపాధ్యాయులు నేర్పవలెను. అట్టి వ్రాతపుస్తకములను గ్రంథాలయమున భద్రపరచినచో, రాబోవు తరములవారికి ఊరి చరిత్రము ఊరిలోనే దొరకును.