అతుకులోనే ఉంది అసలు సంగతి

 ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, రాజుల జోలికి, యుద్ధాల జోలికి పోకుండా మన ఇళ్లలో ఏ మూలనో చుట్టచుట్టుకుని పడివుండే స్పీకరు వైరు కథ చెబుదామనిపించింది. తీగను అతికి పొడిగించడం చిన్న పనే. కానీ దూరాన ఉన్న మనిషికి మాట అందింది ఆ చిన్న పనివల్లనే.

మన దేశంలో ఈ విద్య తంతితో వచ్చింది. ఒషాగ్నెస్సీ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు 1839లో కలకత్తా వద్ద మైళ్ల పొడవున ఇనుప తీగ లాగి సంకేతాలు పంపి చూశాడు. 1851లో కలకత్తా - డైమండ్ హార్బరు లైను నడిచింది. 1854లో ఆగ్రా నుండి కలకత్తాకు తంతి వార్త చేరింది. అన్ని వందల మైళ్ల తీగ ఒకే ముక్కగా దొరకదు గదా! అతకవలసిందే. ఒక్క అతుకు వదులైనా వార్త అక్కడే ఆగిపోతుంది. అందుచేత తంతి పనివారు రెండు కొనలను పక్కపక్కన చేర్చి, ఒక్కొక్క కొనను రెండవ తీగ చుట్టూ ఐదారు చుట్లు దగ్గరగా బిగించే పద్ధతి పట్టారు. లాగినకొద్దీ బిగిసే ఈ అతుకుకు అమెరికా తంతి కంపెనీ పేరు మీద వెస్టర్న్ యూనియన్ జాయింటు అని పేరు. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. అతుకు మాత్రం ఐ.టి.ఐ. పాఠాలలో మిగిలింది.

తరువాత తీగ మీద పాట నడిచింది. 1925లో రైస్, కెల్లాగ్ అనే అమెరికా ఇంజనీర్లు అయస్కాంతం, తీగచుట్ట, కాగితపు గరాటు కలిపి చేసిన స్పీకరు సూత్రమే నేటికీ చాలా ఇళ్లలో పలుకుతున్నది. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. ఆ తరువాతి పంచాయతీ రేడియోలు మనలో చాలామందికి గుర్తే. సెట్టు గది లోపల, స్పీకరు బయట, మధ్యన వైరు. అక్షరం రాని రైతు కూడా వార్తలు, వ్యవసాయ విషయాలు అరుగు మీద కూర్చుని వినేవాడు.

1970లలో నేను ఒక పంచాయతీ సమితి కార్యాలయంలో గుమాస్తాను. "రేడియో పనిచేయుట లేదు" అని అర్జీలు వచ్చేవి. మెకానిక్ వెళ్లి చూస్తే తరచు సెట్టు బాగానే ఉండేది. వానకు తడిసి పచ్చగా చిలుమెక్కిన అతుకు మాత్రం కనబడేది. అంగుళం అతుకు వల్ల ఊరంతటికీ వార్తలు లేవు!

ఇక ఇంటి సంగతి. మంచాన ఉన్న మా అక్కయ్యకు పాటలే కాలక్షేపం. సెట్టు హాల్లో, ఆమె వెనుక గదిలో. వైరు పది మీటర్లు పొడిగించవలసి వచ్చింది. బజారులో 14/76, 40/76 అని వైర్లు అమ్ముతారు. మొదటి అంకె పోగుల సంఖ్య. రెండవది ఒక్కో పోగు మందం, అంటే అంగుళంలో 0.0076 వంతు. పది మీటర్ల దూరానికి రానూపోనూ ఇరవై మీటర్ల రాగి. 14/76 అయితే నిరోధం సుమారు 0.8 ఓములు, 40/76 అయితే 0.3 ఓములు. ఎనిమిది ఓముల స్పీకరుకు వైరు నిరోధం అందులో ఇరవయ్యో వంతు, అంటే 0.4 దాటకపోవడం మంచిది. కనుక 40/76 తెచ్చాను.

పోగుల వైరుకు మ్యారీడ్ జాయింటు తగినది. రెండు చేతుల వేళ్లు కలిపినట్లు పోగులను ఒకదానిలో ఒకటి దూర్చి, మెలిపెట్టి, సోల్డరింగు చేసి, టేపు చుట్టాలి. జంట వైరులోని రెండు అతుకులు ఎదురెదురుగా రాకుండా రెండంగుళాలు ఎడంగా వేయాలి. లేకుంటే ఒకటికొకటి తగిలి ఆంప్లిఫయరు చెడుతుంది. గీత ఉన్న వైరు రెండు వైపులా ప్లస్సుకే పోవాలి. రెండు స్పీకర్లలో ఒకదానికి తారుమారైతే బరువైన శబ్దం పలచబడుతుంది. పని చేసేటప్పుడు సెట్టు ప్లగ్గు తీసివేయాలి. ఈ వైరును ఎన్నడూ ఇంటి కరెంటుకు వాడరాదు.

ఇప్పుడు తలుపు మూసినా అక్కయ్యకు పాట స్పష్టంగా వినబడుతుంది. "ఇన్నాళ్లూ నన్ను వేరే ఊళ్లో పెట్టినట్టుంది రా" అన్నది.

మన సంఘ సభలలో కూడా చెవులు మందగించిన పెద్దలు వెనుక వరుసలలోనే కూర్చుంటారు. కరువు భత్యం సంగతి, లైఫ్ సర్టిఫికేట్ గడువు వారికీ వినబడాలి. రాబోయే సభకు ముందే మైకు వైర్లు, అతుకులు ఒకసారి చూపించి, చివరి వరుస వద్ద ఒక స్పీకరు పెట్టించవలసిందిగా కార్యవర్గం వారికి నా మనవి.