మంచుతుపాను గడచిన మఱునాడు

తుపానుల చరిత్ర వ్రాయువారు గాలి యెంత వేగముతో వీచెను, ఎన్ని యోడలు మునిగెను, ఎందఱు మృతినొందిరి అను విషయములను లెక్కించి గ్రంథమును ముగింతురు. గాలి నిలిచిన మఱునాటి యుదయమున పొయ్యి యెట్లు వెలిగెను, పసిబిడ్డకు పాలెక్కడనుండి వచ్చెను, రోజుకూలిపై బ్రతుకువాడు ఆనాడేమి తినెను అను ప్రశ్నలకు ఆ గ్రంథములలో స్థలము తక్కువ. సంసారముల నడపువారికి మాత్రము ఇవియే మొదటి ప్రశ్నలు. 1888వ సంవత్సరము మార్చి నెలలో న్యూయార్కు నగరమును ముంచిన మంచుతుపానును గూర్చి ఈ దృష్టితో కొంత వ్రాయదలచితిమి. నేడు మన తెలుగు కుటుంబములు పెక్కు న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతములందు కాపురములుండుటచే, మంచు పడినందున బడి లేదని మనుమలు తాతలకు ఫోనులో చెప్పుట మన యిండ్లలో వింత కాదు. ఆ మంచుతో సంసారము చేయుట ఆ నగరము ఎట్లు నేర్చుకొనెనో తెలిసికొనుట వారికిని మనకును అనవసరము గాదు.

ఇచట మంచనగా మన మార్గశిరమాసమున పొలములపై కమ్ముకొను పొగమంచు గాదు. దూదిపింజవలె రాలి, నేలపై పేరుకొని, త్రొక్కినకొలది గట్టిపడునది. వాననీరు ఎట్లో పల్లమునకు పాఱిపోవును. మంచు పడినచోటనే యుండును. ఎవరైన దాని నెత్తి బండిలో వేసి మోసికొనిపోవలెను. ఎత్తువా డెవడు, వానికి కూలి యిచ్చువా డెవడు, ఏ వీధి ముందు, ఏ వీధి వెనుక అను చిక్కులన్నియు అందుండియే పుట్టును.

ఆ సంవత్సరము మార్చి 10వ తేది శనివారమున న్యూయార్కులో వసంతము ముందుగా వచ్చినట్లుండెను. ఆదివారమున వాన పట్టినది. వాతావరణ సమాచారము ఆ కాలమున సైన్యమునకు చెందిన సిగ్నలు శాఖవారి చేతిలో నుండెను. గాలి చల్లబడును గాని ఆకాశము తేటపడునని వారు తెలిపియుండిరి. విశ్రాంతిదినమును పాటించు ఆచారము ననుసరించి ఆదివారమున చాలభాగము వారి కార్యాలయము మూయబడి యుండెను. అర్ధరాత్రి దాటిన కొలది నిమిషములకు వాన మంచుగా మాఱెను. తెల్లవాఱునప్పటికి గుఱ్ఱపు ట్రాములు పట్టాలపై నిలిచిపోయెను. నగరములో మొత్తముమీద కురిసినది 21 అంగుళములు. ఉత్తరమున ఆల్బనీ పట్టణమున 46 అంగుళములు మించినది. అంగుళముల లెక్క విని చదువరులు దీనిని తేలికగా నెంచరాదు. గాలి మంచును తోసికొనిపోయి, ఒక యింటి వాకిలిని ఊడ్చినట్లు శుభ్రపఱచి, ఎదుటి యింటిని రెండవ అంతస్తు కిటికీలవఱకు కప్పివేసెను. ఫారన్‌హీటు మానమున ఉష్ణము పది డిగ్రీలకు లోపలికి దిగినది.

ఇంత జరిగినను సోమవారము ప్రొద్దుట వేలకొలది జనులు పనులకు బయలుదేరిరి. ఇది బుద్ధిహీనతయని తరువాతివారు కొందఱు వ్రాసిరి. మేమట్లు తలపజాలము. అంగళ్లలో వస్తువుల నమ్ము బాలికలకు, కర్మాగారములలో కుట్టుపని చేయు స్త్రీలకు, గుమాస్తాలకు పనికి రాని దినమునకు జీతము లేదు. పని యుండునను భరోసాయును లేదు. షేరు వ్యాపారము జరుగు పెద్ద మందిరమునకు మాత్రము వేయికి పైబడిన సభ్యులలో సుమారు ముప్పదిమందియే వచ్చిరట. ఇంటియొద్ద నుండుటకు వారికి స్తోమత గలదు. బార్నమ్ గారి సర్కసువారు ఆ సాయంకాలము కూడ కొలదిమంది ప్రేక్షకుల యెదుట ఆటను యథాప్రకారముగా నడపిరి.

స్తంభములపై కట్టిన ఇనుపవంతెనలమీద నడచు రైళ్లు ఆ నగరమునకు గర్వకారణములు. అవి నడుమ నడుమ ఎక్కడివక్కడ నిలిచిపోయి, సుమారు పదునైదువేలమంది ప్రయాణికులు వీథులకు పైన, గాలికి ఎదురుగా చిక్కుకొనిరి. ఒకచోట రెండు బండ్లు ఢీకొని ఇంజను నడపువాడు చనిపోయెను. క్రిందనుండి కొందఱు నిచ్చెనలు తెచ్చి వేసి, తలకింతయని రుసుము తీసికొని జనులను దింపిరి. దీనిని దోపిడియని నిందించినవారు గలరు. మాకు మాత్రము నిచ్చెన తెచ్చినవానిపై కోపము రాదు. రైలు నడపిన కంపెనీవద్ద అట్టి యుపాయ మేదియు సిద్ధముగా లేకపోవుటయే తలపదగిన విషయము.

ధనికుల కష్టములలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది రాస్కో కాంక్లింగు గారి కథ. ఆయన అమెరికా సెనేటులో ఒకప్పుడు మహాబలవంతుడైన సభ్యుడు; అప్పటికి న్యాయవాది. సాయంకాలము వాల్ స్ట్రీటులోని తన కార్యాలయమునుండి బయలుదేరగా, ఒక బాడుగబండివాడు 50 డాలర్లడిగెను. అభిమానవంతుడగు కాంక్లింగు అంత యిచ్చుటకు సమ్మతింపక దాదాపు మూడు మైళ్లు మంచులో నడచి, యూనియన్ స్క్వేరులో నడుములోతు దిగబడి, ఎట్లో క్లబ్బునకు చేరి వాకిట పడిపోయెను. ఏప్రిల్ 18వ తేదిని మరణించెను. మాడిసన్ స్క్వేరు తోటలో ఆయన విగ్రహము నేటికి నున్నది. ఆ తుపానున చనిపోయిన తక్కినవారిలో పెక్కురకు పేరైన మిగులలేదు. తూర్పుతీరమంతట మృతులు నాలుగువందలకు పైబడిరనియు, వారిలో సుమారు రెండువందలమంది న్యూయార్కువారే యనియు లెక్క. శ్మశానములకు దారిలేక శవములను కొన్ని దినములు నిలుపవలసివచ్చినది.

ఇక వంటయింటికి వత్తము. న్యూయార్కు జనసంఖ్య అప్పటికి సుమారు 15 లక్షలు. ఇంతమంది త్రాగు పాలు నగరములో పితికినవి గావు. దూరపు పల్లెలనుండి ప్రతిరాత్రియు రైళ్లలో వచ్చి, తెల్లవాఱకముందే బండ్లకెక్కి వాకిళ్లకు చేరును. మాంసము, కూరగాయలు, గ్రుడ్లు, వెన్న సయితము అట్లే వచ్చును. పట్టణవాసి తన యింటిలో ధాన్యపుగాదె యుంచుకొనడు. రైలే వాని గాదె. సోమవారము రైళ్లు మంచు దిబ్బలలో కూరుకొనిపోగా, ఒక్క దినములో ఆ గాదెకు తాళము పడినది. పల్లెలలో పాడివారు అమ్ముడుపోని పాలు పాఱబోసిరి. నగరములో తల్లులు డబ్బాపాలకై అంగడి వెంట అంగడి తిరిగిరి. అవియును త్వరలోనే అయిపోయినవి. దారిలో నిలిచిన రైళ్లలోని ప్రయాణికులు బండిలోని బల్లలను విఱిచి పొయ్యిలో వేసికొని చలి కాచుకొనిరి.

అన్నిటికంటె పెద్ద కొఱత బొగ్గుది. ఆ చలిదేశమున బొగ్గు లేనిదే వంట లేదు, వెచ్చదనము లేదు. కలవారు శీతకాలము రాకమున్నే టన్నులకొలది బొగ్గు కొని ఇంటి నేలమాళిగలో పోయించుకొందురు. తుపాను నాల్గు దినములున్నను వారి పొయ్యి చల్లాఱదు. అద్దెగదుల మేడలలో నుండు బీదవారికి మాళిగయు లేదు, ఒక్కసారి టన్ను కొనుటకు సొమ్మును లేదు. వారు వీధిమూలనున్న దుకాణమున బొక్కెనకింతయని ఏనాటి బొగ్గు ఆనాడు కొందురు. సాధారణదినములలోనే ఇట్లు కొనువాడు టన్ను కొనువానికంటె హెచ్చు వెల యిచ్చుచుండును. తుపాను దినములలో ఆ బొక్కెన వెల పలుమడుగులు పెరిగెను; అందులో పలువురకు ఆ వారమున కూలి రాలేదు. బీదవాని యింటిలో రెండవ బొక్కెనకు తావులేకుండ చేసినది ఈ తుపాను గాదు. ఆ మేడలలోని బ్రదుకు ఎట్టిదో రెండేండ్ల తరువాత, 1890లో, జేకబ్ రీస్ అను పత్రికావిలేఖరి ఛాయాచిత్రములతో గ్రంథముగా ప్రకటించినప్పుడుగాని తక్కిన నగరవాసులు కన్నులు తెఱచి చూడలేదు.

మంగళవారమున ఒక వింత జరిగినది. బ్రూక్లిను అప్పటికి వేఱు నగరము. రెంటి నడుమ ఈస్టు నది. మంచుగడ్డలు ఆటుపోటులతో కొట్టుకొనివచ్చి నదికి అడ్డముగా బిగిసికొనెను. అయిదేండ్లక్రిందట, 1883లో, గొప్ప యుత్సవముతో తెఱచిన వంతెన ప్రక్కనుండగా జనులు వందలకొలదిగా నదిమీదనే నడచి దాటిరి. పోటు మరలగా గడ్డలు విడివడి, కొందఱు వానిపైనే కొట్టుకొనిపోవుచుండ చిన్న పొగపడవలవారు రక్షించిరి. తంతి స్తంభములు విఱిగిపడుటచే న్యూయార్కునుండి బోస్టనుకు వార్త పంపవలెనన్న సముద్రగర్భపు తంతిమార్గమున లండనుకు పంపి, అచటనుండి మరల అమెరికాకు త్రిప్పవలసివచ్చెను. ప్రక్కయూరి క్షేమము తెలియుటకు వార్త రెండుమాఱులు మహాసముద్రమును దాటినదన్నమాట!

మంచును తీయుట యెట్లు? వీధులను శుభ్రపఱచు శాఖకు ఇంతపనికి చాలిన మనుష్యులు లేరు. ఇంటివారు తమ వాకిళ్లనుండి సొరంగములవంటి దారులు త్రవ్వుకొనిరి. కొన్నిచోట్ల దిబ్బలలో మంటలు వేసి కరగింపజూచిరి. మంచు అమ్మబడునని, పచ్చికను త్రొక్కరాదని దిబ్బలపై హాస్యపుపలకలు నాటినవారును గలరు. నిజమైన పని చేసినవారు పాఱలు పట్టిన కూలివాండ్రు. వారిలో ఇటలీనుండి క్రొత్తగా వచ్చినవారు అనేకులు. మాములు దినములలో ఆ నగరపువారు చిన్నచూపు చూచు జనులు. వారు మంచును బండ్ల కెత్తి, రేవులకు తోలి, నదిలో పోసిరి. ఒక బండి ఖాళీయగునంతలో మఱొక బండి నిండును. వారముచివర ఎండ కాయుటచే సగము పని సూర్యుడే చేసెను గాని, పాలబండ్లకు, బొగ్గుబండ్లకు మొదట దారి యిచ్చినది ఆ పాఱలే.

ఈ తుపానే న్యూయార్కునకు భూగర్భ రైలును తెచ్చినదని తఱచుగా వ్రాయుదురు. ఇది కొంతవఱకే నిజము. మేయరు ఏబ్రహాం హ్యూయిట్ తుపానునకు ఆఱు వారములు ముందుగనే, 1888 జనవరి 31వ తేదిని, అట్టి రైలు కావలెనని నగరసభకు వ్రాసియుండెను. అప్పుడు లక్ష్యపెట్టినవారు లేరు. తుపాను తరువాతనైన తొందరపడినారా యన్న, బోస్టనువారు 1897లోనే తమ సొరంగమార్గమును తెఱువగా, న్యూయార్కు రైలు 1904 అక్టోబరు 27వ తేదికి గాని నడువలేదు. పదియాఱు సంవత్సరములు! తంతుల కథయు నట్టిదే. వానిని భూమిలో పాతిపెట్టవలెనను చట్టము 1884లోనే పుట్టినది. కంపెనీలు వాయిదాలు వేయుచుండెను. తుపానులో తంతులు తెగి వీధులలో పడినను వారి మనసు కదలలేదు. 1889లో క్రొత్త మేయరు హ్యూ గ్రాంటు స్తంభములను నఱికించుట మొదలిడెను. ఆ యేట అక్టోబరులో, పట్టపగలు, జనసమ్మర్దము చూచుచుండగా, తంతులు బాగుచేయు పనివా డొకడు విద్యుత్తు సోకి స్తంభముపైననే మరణించిన తరువాత గాని ప్రజల యాగ్రహము మిన్నుముట్టలేదు.

వీధుల సంగతి 1895లో జార్జి వేరింగు అను ఇంజనీరు ఆ శాఖకు అధికారియైనప్పుడు చక్కబడినది. ఈయన ఊడ్చువారికి తెల్లని దుస్తులిచ్చి, మఱుసటి యేట వారిని రాజవీధిలో ఊరేగించెను. మొదట నవ్విన జనులు చివరకు చప్పట్లు కొట్టిరి. పాఠశాలలలోని పిల్లలతో వీధిశుభ్రతకై సంఘములు కూర్చెను. ఉపాధ్యాయులమగుటచే ఈ యంశముపై మాకు పక్షపాత మున్నమాట నిజము. బీదలుండు పేటలను తక్కిన పేటలతో సమముగా ఊడ్పించుట ఆయన చేసిన గొప్ప పని. ఆయన 1898లో హవానా నగరమున పారిశుద్ధ్యమును పరీక్షింపబోయి, పచ్చజ్వరము తగిలి మరణించెను.

ఇంత నేర్చిన నగరము 1969 ఫిబ్రవరి 9వ తేది ఆదివారమున మరల తడబడినది. మంచు త్వరలో వానగా మాఱునని సూచన. మాఱలేదు, 15 అంగుళములు కురిసెను. ఇప్పుడు గుఱ్ఱములకు బదులు యంత్రములున్నవి గాని వానిలో సుమారు నూటికి నలువది మరమ్మతు లేక మూలబడియుండెను. మన్‌హాటను వీధులు తేటపడినవి. క్వీన్సు ప్రాంతమున మాత్రము దినములు గడచినను చెత్తబండి గాని, బస్సు గాని, వైద్యుని కారు గాని రాలేకపోయెను. మృతులు 42 మంది. వారిలో సగముమంది క్వీన్సువారు. నోబెలు శాంతిబహుమానము పొందిన రాల్ఫ్ బంచి గారు అచటి కాపురస్థులే. తమ పేటను ఇట్లు విడిచిపెట్టుట యెన్నడు నెఱుగమని మేయరు జాన్ లిండ్సేకు తంతి నిచ్చిరి. లిండ్సే స్వయముగా చూడబోగా కారు మంచులో చిక్కినది. లారీ యెక్కి ముందుకు పోగా, వాకిళ్లలో పాఱలు పట్టి నిలిచిన గృహిణులు ముఖముమీదనే చీవాట్లు పెట్టిరి. ఆ సంవత్సరమే నవంబరు ఎన్నికలలో ఆయన టెలివిజనుపైకి వచ్చి, మంచు విషయమున తన యంచనా తప్పినదని యొప్పుకొని వోట్లడుగవలసివచ్చెను.