కరవు కాలపు కారు పందెములు

కారు పందెము ధనవంతుల వేడుక అని లోకమున ఒక అభిప్రాయము కలదు. అది కొంతవరకు నిజమే. పందెపు కారునకు ఇంజను, టైర్లు, ఇంధనము, మరమ్మతు మొదలైన ప్రతిదానికిని ధనము కావలయును. పందెము గెలిచిన నాడును పెట్టిన ఖర్చు తిరిగి వచ్చునన్న నమ్మకము లేదు. కావున బ్యాంకులు మూతపడి, కర్మాగారములు ఆగిపోయి, జనులకు పని దొరకని కాలమున అన్నింటికంటె ముందు అంతరించవలసినది ఈ క్రీడయే అని తోచును.

కాని చరిత్ర వేరొక విధముగా నడచినది. కష్టకాలమున పెద్ద పందెములు చిక్కిపోయిన మాట వాస్తవము. చిన్న పందెములు మాత్రము, అనగా ఊరి గ్యారేజిలో కూర్చిన బండ్లతో సామాన్యులు సెలవు దినములలో నడుపుకొను పందెములు, క్రొత్త రూపములు దాల్చి బ్రతికినవి. ఇందుకు రెండు ఉదాహరణములు ముఖ్యమైనవి. ఒకటి 1930 దశాబ్దపు అమెరికా. రెండవది రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన వెనుకటి బ్రిటను. ఈ రెండవచోట పేదరికమునుండి పుట్టిన ఒక చిన్న బండి, ప్రపంచమందలి పందెపు కార్ల ఆకృతినే మార్చివేసెను.

అమెరికాలో ఆర్థిక మాంద్యము

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలిపోయెను. ఆ సంవత్సరము అమెరికా కర్మాగారములు సుమారు 53 లక్షల మోటారు బండ్లను తయారుచేసినవి. 1932లో ఆ సంఖ్య సుమారు 13 లక్షలకు దిగజారెను. 1933 నాటికి పనివారిలో ఇంచుమించు నలుగురికి ఒకరు చొప్పున నిరుద్యోగులైరి.

ఆ దేశమున అన్నింటికంటె పేరుగన్నది ఇండియానాపొలిసులో 1911లో ఆరంభమైన 500 మైళ్ల పందెము. 1920 దశాబ్దము చివర దానిలో పరుగెత్తిన కార్ల ఇంజనులు ఒకటిన్నర లీటర్లవి. వాటికి గాలిని బలవంతముగా లోపలికి నెట్టు సూపర్‌ఛార్జరు ఉండెను. అట్టి సున్నితమైన యంత్రములను తయారుచేయగలవారు ఒకరిద్దరే, కొనగలవారును కొద్దిమందియే. 1930 పందెమునకు నియమములు మారినవి. ఇంజను ఆరు లీటర్ల వరకు ఉండవచ్చును. కాని నాలుగు స్ట్రోకుల ఇంజనునకు సూపర్‌ఛార్జరు కూడదు. డ్రైవరు ప్రక్కన ఒక మెకానిక్కు కూర్చుండవలెను. మోటారు కంపెనీలను పందెమునకు ఆకర్షించుటకై ఈ నియమములను మాంద్యమునకు ముందే ఆలోచించిరి. అయినను అవి ఆ గడ్డురోజులకు చక్కగా అమరినవి. బజారున అమ్ముడుపోవు స్టుడిబేకరు, బ్యూయికు కార్ల ఇంజనులను సవరించి అనేకులు పందెమునకు వచ్చిరి. కొందరు దీనిని చెత్తసామాను నియమమని ఎగతాళి చేసిరి. కాని 1933లో బహుమానపు సొమ్మును తగ్గించినను 42 కార్లు పందెమున బయలుదేరినవి.

అదే సంవత్సరము పందెమునకు ముందటి పరుగులలోను పందెములోను కలిసి ఐదుగురు మరణించిరి. బాటపై బండ్లు క్రిక్కిరిసినవి. ఒక్కొక్క బండిలో ఇద్దరుండుటచే ఒక ప్రమాదము రెండు ప్రాణములకు ముప్పు తెచ్చుచుండెను. తక్కువ ఖర్చుతో పందెమునకు తలుపు తెరచుట మంచిదే. కాని ఆ తలుపునుండి వచ్చిన వారి రక్షణకు తగిన ఏర్పాట్లు కూడ ఉండవలెనను పాఠమును ఆ కాలము కఠినముగా నేర్పినది.

మట్టిబాటలు, మరుగుజ్జు కార్లు

పెద్ద పందెముల సంగతి అట్లుండగా, పల్లెటూళ్ల సంతమైదానములలో గుఱ్ఱపు పందెములకై వేసిన మట్టిబాటలపై సామాన్యుల పందెములు సాగుచుండెను. వారికి ముడిసరకు పాతసామానుల దొడ్లలో దొరకినది. ఫోర్డు కంపెనీ వారి మోడల్ టి కారు 1908 మొదలు 1927 వరకు ఒకటిన్నర కోటికి పైగా తయారైనది. ఆ కారు ముసలిదైన వెనుక దాని చట్రము, ఇరుసు, ఇంజను కారుచౌకగా లభించెను. పైభాగమును ఊడదీసి, బరువు తగ్గించి, ఇంజను తలభాగమును మార్చినచో అది పందెపు బండి అగుచుండెను. చేతిలో పనితనము ఉన్నవానికి పైకము లేని కొరత కొంత తీరెను.

1933లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నగరమున ఇంకొక క్రొత్త పందెము వెలసెను. అవి మరుగుజ్జు కార్లు అను అర్థముగల మిడ్జెట్ కార్ల పందెములు. బండి చిన్నది, దానికి మోటారు సైకిలు ఇంజనో, పడవకు తగిలించు ఇంజనో చాలును. బండి చిన్నదగుటచే బాటయు చిన్నదైనను సరిపోవును. ఫుట్‌బాలు మైదానము చుట్టును ఉండు పరుగుబాటపైననే పందెము జరుపవచ్చును. క్రొత్తగా బాట నిర్మింప పనిలేదు. రాత్రివేళ విద్యుద్దీపముల వెలుగున జరుపుటచే పగలంతయు పనిచేసినవారును వచ్చి చూడగలిగిరి. 1934లో లాస్ ఏంజిలీసు నగరమున గిల్‌మోరు స్టేడియము తెరువబడినది. అక్కడి మిడ్జెట్ పందెములకు జనము విరగబడి వచ్చిరి. కొలది కాలములోనే ఈ పందెములు దేశమంతట వ్యాపించినవి.

మాంద్యము మరియొక విధముగను ఈ క్రీడకు తోడ్పడెను. నిరుద్యోగులకు పని కల్పించుటకై ప్రభుత్వము చేపట్టిన నిర్మాణములలో క్రీడాస్థలములును ఉండెను. ఉత్తర కెరొలినాలోని విన్‌స్టన్-సేలము పట్టణమున బౌమన్ గ్రే స్టేడియము అట్లు కట్టబడి 1938లో తెరువబడినది. దాని ఫుట్‌బాలు మైదానము చుట్టును ఉన్న పావుమైలు బాటపై 1949 నుండి వారము వారము కారు పందెములు జరుగు ఆచారము ఏర్పడెను. కరవుకాలపు కూలిపనితో కట్టిన కట్టడము ఆ కరవు తీరిన వెనుకను ఊరివారికి ఉపయోగపడినది.

బ్రిటనులో యుద్ధానంతరపు లేమి

1945లో యుద్ధము ముగిసినను బ్రిటనులో కష్టములు ముగియలేదు. యుద్ధకాలమునందు లేని రొట్టెల రేషను 1946లో ఆరంభమై 1948 వరకు సాగెను. 1939 సెప్టెంబరులో మొదలైన పెట్రోలు రేషను 1950 మే నెల వరకు తొలగలేదు. నడుమ 1947 చివరనుండి 1948 వేసవి వరకు సామాన్యులకు ఇచ్చు మూలకోటాయే నిలిచిపోయెను. తయారైన కార్లలో అధికభాగము విదేశములకు ఎగుమతి అయ్యెడివి. పేరుగాంచిన బ్రూక్‌లాండ్సు పందెపుబాట విమాన కర్మాగారముల పాలై మరల తెరువబడలేదు.

ఇట్టి సమయమున బ్రిస్టలు ప్రాంతపు ఔత్సాహికులు కొందరు ఒక ఆలోచన చేసిరి. ఇంజను పరిమాణము 500 ఘన సెంటీమీటర్లకు మించరాదు, సూపర్‌ఛార్జరు కూడదు. ఇదియే ఆ పందెపు ముఖ్య నియమము. పరిమాణమనగా ఇంజనులోని ముషలకము క్రిందినుండి పైకి కదలునప్పుడు గడచు స్థలము యొక్క ఘనపరిమాణము. ఈ హద్దును గ్రుడ్డిగా ఎన్నుకొనలేదు. 500 ఘన సెంటీమీటర్ల ఇంజనులు మోటారు సైకిళ్లకు విరివిగా ఉన్నవి. మట్టిబాటపై జరుగు మోటారు సైకిలు పందెములకు తయారుచేసిన జె.ఎ.పి. ఇంజను ఒకే సిలిండరు కలదై సుమారు 40 అశ్వశక్తిని ఇచ్చును. కారు మిక్కిలి తేలికయైనచో వేగమునకు అంతశక్తి చాలును. వేగము పుంజుకొనుటలో ముఖ్యమైనది శక్తి ఒక్కటియే కాదు, శక్తికిని బరువునకును గల నిష్పత్తి. శక్తిని పెంచుట ఖర్చుతో కూడిన పని. బరువును తగ్గించుట బుద్ధితో కూడిన పని.

లండను సమీపమున సర్బిటనులో చార్లెస్ కూపరు అనునతనికి ఒక గ్యారేజి ఉండెను. అతని కుమారుడు జాన్ కూపరు 1946లో మిత్రుడైన ఎరిక్ బ్రాండనుతో కలిసి అట్టి బండిని తయారుచేయ పూనుకొనెను. ఫియట్ టోపోలినో అను చిన్న కారు ముందుభాగములను రెండింటిని తీసి, వీపులు కలిపినట్లు వెనుకకు వెనుక చేర్చి అతికిరి. ఆ కారు ముందు చక్రములు ఒకదానితో మరియొకటి సంబంధము లేక విడివిడిగా ఊగునవి. కావున క్రొత్తబండికి నాలుగు చక్రములకును అట్టి అమరిక ఉచితముగా లభించెను. జె.ఎ.పి. ఇంజనును డ్రైవరు వెనుక ఉంచి, గొలుసుతో వెనుక ఇరుసును త్రిప్పించిరి.

పందెములకు స్థలమును యుద్ధమే ఇచ్చినది. దేశమంతట విమానములు విడిచిపోయిన మైదానములు ఖాళీగా ఉండెను. వాటి సిమెంటు దారులు పందెములకు అనుకూలించినవి. 1947 జులైలో గ్రాన్స్‌డెన్ లాడ్జి విమానస్థలమున జరిగిన 500 తరగతి పందెమును బ్రాండను గెలిచెను. 1948లో గుడ్‌వుడ్ విమానస్థలపు బాటపై జరిగిన తొలి పోటీలలో ఈ తరగతి పందెమును గెలిచినవాడు స్టర్లింగ్ మాస్. అతనికి పందొమ్మిదవ ఏడు నిండి అప్పటికి ఒక దినము మాత్రమే అయ్యెను. 1950లో ఈ తరగతికి మూడవ ఫార్ములా అను అంతర్జాతీయ గుర్తింపు లభించెను.

ఇంజను వెనుకకు పోవుటలోని విశేషము

ఆ నాటి పందెపు కార్లలో ఇంజను సామాన్యముగా ముందుండెడిది. జర్మనీ దేశపు ఆటో యూనియన్ కార్లకు 1934 నుండియే ఇంజను డ్రైవరు వెనుక ఉండినను, ఆ మార్గమును అనుసరించినవారు అరుదు. కూపరులు ఇంజనును వెనుక ఉంచినది గొప్ప సిద్ధాంతమును నమ్మి కాదు. మోటారు సైకిలు ఇంజను గొలుసుతో శక్తినిచ్చును. గొలుసు పొట్టిదై ఉండవలెననిన ఇంజను త్రిప్పవలసిన ఇరుసు ప్రక్కన ఉండుటయే సులభము. చౌకదనమే ఆ నిర్ణయమునకు కారణము.

కాని దానివలన మూడు లాభములు కలిగినవి. ఇంజనునుండి వెనుక చక్రములకు పోవు పొడుగుపాటి ఇరుసు అక్కరలేక బరువు తగ్గెను. ఆ ఇరుసు తన క్రిందుగా పోవుట లేదు కనుక డ్రైవరు మిక్కిలి క్రిందుగా కూర్చుండగలిగెను. ఎత్తు తగ్గుటచే గాలి నిరోధమును తగ్గెను. మూడవది మలుపులకు సంబంధించినది. తిరుగుడు పీటపై కూర్చుండి రెండు చేతులలో బరువులు పట్టుకొన్న విద్యార్థిని త్రిప్పి చూచినచో ఈ విషయము తెలియును. చేతులు చాచినపుడు అతనిని కదలించుటయు ఆపుటయు కష్టము. చేతులు దగ్గరకు తీసినపుడు సులభము. బరువు నడిమికి చేరినకొలది జడత్వ భ్రామకము తగ్గుటయే దీనికి కారణము. ఇంజనును డ్రైవరును నడుమ చేరిన కారు మలుపున చురుకుగా తిరుగును.

కూపరులు ఇదే అమరికతో క్రమముగా పెద్ద ఇంజనుల కార్లను చేసిరి. 1958లో అర్జెంటీనా గ్రాండ్ ప్రీ పందెమున స్టర్లింగ్ మాస్ రెండు లీటర్లకు లోబడిన ఇంజనుగల కూపరు కారుతో, రెండున్నర లీటర్ల వరకు గల కార్లను ఓడించెను. 1959, 1960 సంవత్సరములలో జాక్ బ్రాభమ్ కూపరు కారుపై ప్రపంచ విజేత అయ్యెను. 1961లో అతడు దానినే ఇండియానాపొలిసునకు కొనిపోయి తొమ్మిదవ స్థానము పొందెను. అక్కడివారు మొదట ఆశ్చర్యపడిరి, పిదప అనుకరించిరి. 1965లో జిమ్ క్లార్క్ వెనుక ఇంజనుగల లోటస్ కారుతో ఆ పందెమును గెలిచెను. ఆ లోటస్ సంస్థను స్థాపించిన కాలిన్ చాప్‌మన్ తన తొలి పందెపు కారును పాత ఆస్టిన్ సెవెన్ అను చిన్నకారు భాగములతో కూర్చినవాడే.

చౌక పందెము ప్రియమగుట

ఈ చరిత్రలో మరియొక పాఠమును కలదు. లేమి తగ్గినకొలది చౌక తరగతి చౌకగా నిలువదు. అమెరికా మిడ్జెట్ కార్లకు 1934లోనే ప్రత్యేకముగా తయారైన ఆఫెన్‌హౌజరు ఇంజను వచ్చెను; దాని ముందు ఇంటిలో కూర్చిన ఇంజనులు నిలువలేకపోయినవి. బ్రిటనులోను అట్లే జరిగెను. 500 తరగతిలో గెలువవలెనన్నచో నార్టన్ పందెపు ఇంజను తప్పనిసరి అయ్యెను. ఆ ఇంజను విడిగా దొరకదు. కావున పలువురు మోటారు సైకిలు మొత్తమును కొని, ఇంజనును తీసుకొని, మిగిలిన చట్రమును అమ్మివేయుచుండిరి. 1950 దశాబ్దము ముగియునప్పటికి ఆ తరగతి క్షీణించి, దాని స్థానమున ఫార్ములా జూనియర్ అను మరియొకటి వచ్చెను. సామాన్యునికి చోటు ఉండవలెనన్నచో నియమములను ఎప్పటికప్పుడు సవరించుచుండుట అవసరమని దీనివలన తెలియుచున్నది.

తరువాతి కాలమునను ఇట్టి పరీక్షలు వచ్చినవి. 1973 నాటి పెట్రోలు సంక్షోభము వలన 1974లో మాంటి కార్లో ర్యాలీ జరుగలేదు. అమెరికాలో డేటోనా 500 మైళ్ల పందెమును ఇంధనము పొదుపునకై 450 మైళ్లకు కుదించిరి.

భారతదేశమునందును ఈ కథకు పోలిక కలదు. మద్రాసునుండి నెల్లూరు వైపు పోవు మార్గములోని షోలవరమున యుద్ధకాలపు విమానస్థలము ఒకటి ఉండెను. 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు వారు దానిపై చిరకాలము పందెములు జరిపిరి. విదేశపు కార్ల దిగుమతికి కట్టుబాట్లున్న ఆ దినములలో, దేశమున దొరకు కార్ల భాగములతో స్వంతముగా బండ్లను కూర్చినవారు అనేకులు. 1980 దశాబ్దము చివర కోయంబత్తూరునకు చెందిన కరివర్ధన్, 796 ఘన సెంటీమీటర్ల మారుతి ఇంజనును వెనుక అమర్చి, ఫార్ములా మారుతి అను చౌక తరగతికి రూపమిచ్చెను.

లేమి ఎల్లప్పుడును మేలు చేయునని దీని అర్థము కాదు. దానివలన మూతపడిన బాటలును, ఆట మానుకొన్నవారును, ప్రాణములు కోల్పోయినవారును కలరు. కాని ఉన్న వస్తువులతోనే పని జరుపుకొనవలసి వచ్చినపుడు, ఆ వస్తువులకు తగిన నియమమును ఏర్పరచుకొన్నచోట ఆట నిలిచినది. ఆ నియమమునకు లోబడి చేతిపని తెలిసినవారు చేసిన యత్నమునుండి ఒక్కొక్కప్పుడు ధనవంతుల కర్మాగారములకు తోచని మార్గమును దొరకినది. రెండు పాతకార్ల ముక్కలును ఒక మోటారు సైకిలు ఇంజనును కలిసిన బండి ఇందుకు సాక్ష్యము.